కట్టని ఇంట్లో ఎనిమిదేళ్ళు

రామారావుపేట, కాకినాడ
27-2-69

ఒసే దమయంతీ,

క్షేమమని రాస్తే నువ్వు నమ్మవు, కాదని రాస్తే కంగారు పడతావు, కనక ఆ వాక్యం వదిలేస్తున్నాను. అమ్మకి ఇక్కడి గాలి పడింది, దగ్గు తగ్గింది. నాకే పడలేదు. జోగారావు మావయ్య ఇంట్లో పదకొండు మందిమి. హాల్లో చాప మీద కూచుని రాస్తుంటే మావయ్య పిల్లలు భుజం మీంచి తొంగిచూసి, దమయంతి ఎవరని అడిగారు. హైదరాబాదులో మా ఇంటివాళ్ళమ్మాయి అన్నాను. అన్నాక సిగ్గేసింది. పన్నెండేళ్ళు మీ ముందు వాటాలో అద్దెకుండి, సగం పూటలు మీ వంటింట్లో తిన్నదాన్ని. ఇంతేనా చెప్పేది?

జనవరిలో ఆ కుర్రాళ్ళు గేటు దగ్గరికొచ్చి ఆంధ్రావాళ్ళు బయటికి రావాలని అరిచినప్పుడు, బాబాయిగారు బనీనుతోనే వెళ్ళి నిలబడ్డం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. "ఇది బాలకిషన్ ఇల్లు. ఇండ్ల ఉన్నోళ్ళందరు నావాళ్ళే. రాయి ఏసుడుంటే ముందు నా మీద ఏయుండ్రి" అన్నారు. మీ నాన్న అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. అయినా అమ్మ భయపడి మర్నాడే రైలెక్కించింది.

అసలు సంగతికొస్తాను. నా సెలవు ఇంకో నెలన్నరలో అయిపోతుంది. మొన్న ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. తెలంగాణావాళ్ళకని ఉంచిన ఉద్యోగాల్లో దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో చేరినవాళ్ళని ఏరుతున్నారుట. నాదీ పరిశీలిస్తారుట. నాన్న పోయి మూడేళ్ళయింది. ఈ ఉద్యోగం కూడా పోతే అమ్మా నేనూ ఈ హాల్లో ఈ చాప మీదే.

కోర్టుల గొడవ ఇక్కడ ఒక్కరికీ బోధపడలేదు. హైకోర్టు ఒకసారి చెల్లదందిట, ఇంకోసారి ఉంటుందందిట, ఇప్పుడు ఢిల్లీలో పెద్ద కోర్టు తేలుస్తుందిట. నువ్వు వకీలుగారి దగ్గర పని చేస్తున్నావు. పైగా వారపత్రికలో ఆయన పేరుతో వచ్చే 'కోర్టు సంగతులు' రాసేది నువ్వేనని నాకొక్కదానికే తెలుసు. కూరగాయలమ్మే ఆవిడకి చెప్పినట్టు చెప్పవే, నీకు పుణ్యముంటుంది.

నీ
కమల

అశోక్‌నగర్, హైదరాబాదు
9-3-69

కమలా,

నీ ఉత్తరం చేరేసరికి వారం దాటింది. ఒకరోజు బందు, ఒకరోజు ఊరేగింపు. పిల్లలకు బడుల్లేవు. నేను నారాయణగూడకు నడిచే పోతున్నాను. జగదీశ్వర్ వకీలు సాబ్ రోజూ తిడతారు, రావద్దని. రాకపోతే ఫైలు దొరకక పరేషాన్ అవుతారు.

నువ్వడిగింది చెప్తాను. ముల్కీ అంటే ఈ దేశంవాడని, నిజాం కాలపు మాట. హైదరాబాదు రాజ్యంలో పదిహేనేళ్ళు నివాసమున్నవాళ్ళకే సర్కారు నౌకరీ అని అప్పటి రూలు. ఆంధ్రా తెలంగాణా కలిసినప్పుడు ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే ఉంచుతామని పెద్దలు మాట ఇచ్చారు. ఆ మాట కొరకే 57లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. పదిహేనేళ్ళ నివాసానికి తహసీలు కచేరీ సర్టిఫికెటు ఇస్తుంది, ఇంటి యజమాని సాక్షి సంతకం పెట్టాలి. ఇదంతా నీకు తెలిసిందే.

ఇప్పటి తగువు వేరే. సర్కారు నౌకరీలో నివాసాన్ని బట్టి తేడా చేయగూడదని రాజ్యాంగం పదహారో అధికరణంలో ఉంది. పార్లమెంటుకు మాత్రం ఒక సందు ఉంచారు. ఫలానా రాష్ట్రంలో నివాసముండాలని అది చట్టం చేయొచ్చు. రాష్ట్రంలో ఒక భాగానికే ఆ కట్టు పెట్టొచ్చా అన్నది ప్రశ్న. సుప్రీంకోర్టు ఏమంటుందో ఈ నెలలో తెలియొచ్చునని వకీలు సాబ్ అంటున్నారు.

మన వీధి చివర రాజకుమారి తమ్ముడు తెలుసు గదా, బీయెస్సీ చదివి నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. మొన్న గేటు దగ్గర నిలబడి, "ముల్కీ సర్టిఫికెట్లు పాన్ డబ్బాల దొరుకుతున్నయ్ అక్కా. మేం ఈడ పుట్టి ఏం ఫాయిదా?" అన్నాడు. నేను గేటు గడియ పెట్టి లోపలికి వచ్చేశాను.

నీ సర్టిఫికెటు గురించి ఇప్పుడేమీ రాయను. బాపు బాగున్నాడు. నిన్ను రోజూ తలుచుకుంటాడు. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

దమయంతి

కాకినాడ
2-4-69

దమయంతీ, బంగారుతల్లీ,

పేపరు చూశావా! చూడకేం, నువ్వు అక్షరమక్షరం చదివుంటావు. మార్చి ఇరవై ఎనిమిదిన సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మావయ్య పేపరు పట్టుకుని వీధిలోంచే కేకేసుకుంటూ వచ్చాడు. ఆయన ప్లీడరు గుమాస్తా కదా, ఇంట్లో అందరికీ తీర్పు తనే ఇచ్చినట్టు చెప్పాడు. పదిహేనేళ్ళ నివాసమే అక్కర్లేనప్పుడు దాని సర్టిఫికెటు నిజమైతేనేం, దొంగదైతేనేం, ఎవడడుగుతాడు అన్నాడు. అమ్మ వీధి గుమ్మంలోనే దేవుడికి దణ్ణం పెట్టేసింది.

ఇరవయ్యో తారీఖు లోపల వచ్చేస్తాను. ముందు వాటా దులిపించి ఉంచు. వెళ్ళేముందు మజ్జిగమిరపకాయలు డబ్బాలో పోసి అటక మీద పెట్టాను, పురుగు పట్టకుండా ఎండలో పెట్టు. బాబాయిగారికి ఇక్కణ్ణుంచి మామిడి తాండ్ర తెస్తున్నాను.

నీ ఉత్తరం చివర బిగదీసుకుపోయినట్టుంది, ఏమిటే? గొడవల వల్లేమోలే అనుకున్నాను. ఇక ఆ కాగితం సంగతి మర్చిపో.

నీ
కమల

నారాయణగూడ
11-4-69

కమలాకుమారికి,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కోపంతోనే రాస్తున్నాను. ఇంట్లో రాస్తే బాపు పక్కకొచ్చి కూర్చుంటాడని ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను.

తీర్పు సంగతి ఈ వారం పత్రికకు రాసినట్టే నీకూ రాస్తాను. ఒక ఇంట్లో కొన్ని పనులున్నాయనుకో. ఈ ఇంట్లో ఉండేవాళ్ళకే ఇస్తామని చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది. ఈ ఇంట్లో వెనక వాటాలో ఉండేవాళ్ళకే అనే అధికారం లేదు. రాజ్యాంగంలో రాష్ట్రమంటే మొత్తం ఇల్లని కోర్టు చెప్పింది. పాత నిజాం రూల్సు ఇంకా బతికున్నాయా లేదా అని వకీళ్ళు కొట్లాడుతూనే ఉన్నారు. వెనక వాటావాళ్ళు అడిగేది ఇంకొకటి. గోడ తీసి ఒక్క ఇల్లు చేసిన రోజున మా కుండ ముట్టబోమన్నారు గదా, ఆ మాటను ఏ కోర్టులో అడగాలని. మొన్న సికింద్రాబాదులో కాల్పులయ్యాయి. ఆ ప్రశ్న కూడా వ్యాసంలో రాశాను. వకీలు సాబ్ ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టి పంపారు.

ఇక నీ ఫైలు. చట్టాన్ని కొట్టేశారు గాని నువ్విచ్చిన కాగితాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. రూలు మంచిదా చెడ్డదా అని నిన్ను అడగరు. ఆ రోజున అబద్ధం చెప్పి అధికారిని నమ్మించావా లేదా అని అడుగుతారు. మీ మావయ్యకు ఇది తట్టినట్టు లేదు.

ఆ కాగితంలో ఏముందో గుర్తుందా? 1947 నుంచి సూర్యనారాయణమూర్తిగారి కుటుంబం అశోక్‌నగర్‌లో మా ఇంట్లో నివాసముంటున్నదని. రాజధాని మారినప్పుడు మీ నాన్నగారు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు ఇక్కడికి వచ్చింది 56లో. అది పోనీ. మా ఇల్లు కట్టిందే 55లో. అంతకుముందు మేమే కవాడిగూడలో కిరాయికున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కట్టని ఇంట్లో మీ చేత ఎనిమిదేళ్ళు కాపురం చేయించాను. ఫారం ఇంగ్లీషులో ఉంది. బాపు చదువంతా ఉర్దూలో. నేను నింపాను, ఆయన కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. పదిహేనేళ్ళు దాటాలంటే ఏ సంవత్సరం వెయ్యాలో వేళ్ళు మడిచి చెప్పింది నువ్వు. ఇల్లు ఎప్పుడు కట్టారన్నది ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అందులో ఏముందో బాపుకు నేను చెప్పనే లేదు. ఆయన ఇప్పటికీ అది నీ మంచి నడవడికి ఇచ్చిన చిట్టీ అనుకుంటున్నాడు.

మార్చి మొదట్లోనే ఆయన పేర నోటీసు వచ్చింది. మే పంతొమ్మిదిన ఇంటి కాగితాలతో హాజరై, ప్రమాణం చేసి చెప్పాలని. అదీ ఇంగ్లీషే. ఏముందమ్మా అని అడిగితే, నల్లా నీళ్ళ పన్ను గురించి అని చదివి మడిచి పెట్టాను. మున్సిఫ్ కోర్టులో ముప్పై ఏళ్ళు పేష్కారు చేసినాయన. జడ్జి పక్కన నిలబడి సాక్షులందరి చేత ప్రమాణం చేయించినాయన. ఆయన చేత దొంగ సాక్ష్యం పెట్టించింది కన్నబిడ్డ.

ఇంకొకటి ఆరేళ్ళుగా దాచాను. ఆ ఉద్యోగానికి నేనూ పరీక్ష రాశాను, రాలేదని నీకు చెప్పాను. ఉన్నది ఒక్క పోస్టు. నీ తర్వాత పేరు నాదే. ఆ కాగితం నేను రాసివ్వకపోతే అది నాకొచ్చేది. అది తెలిసిన రోజున కోఠీకి పోయి, నువ్వు ఉద్యోగంలో చేరేటప్పుడు కట్టుకోవటానికి చీర కొన్నాను. ఎందుకు కొన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. నీ మీద కోపమని మాత్రం ఇప్పుడు తెలిసింది.

బి. దమయంతి

కాకినాడ
22-4-69

దమయంతికి,

ఆ లిస్టు నేను చూశాను. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఫైలు టైపుకి నా బల్ల మీదికే వచ్చింది. నా పేరు, దాని కింద నీ పేరు, ఎదురుగా ఎర్రసిరాతో గీత. ఆ సాయంత్రం మనిద్దరం చిక్కడపల్లిలో కూరలు కొంటున్నాం. చెబుదామని నోరు తెరిచేసరికి, వకీలుగారి దగ్గర పని దొరికిందని నువ్వే అందుకున్నావు. మొహం వెలిగిపోతోంది. ఇంకెందుకులే అనుకున్నాను. నాకు సుఖంగా ఉన్న మాట అది, అందుకే దాన్ని పట్టుకుని ఆరేళ్ళు బతికాను.

నిన్న నీకు వేరే ఉత్తరం రాశాను. నేనడిగాను, నువ్వు రాశావు, చెయ్యి పట్టుకుని రాయించానా అని. మూడు పేజీలు. పెట్టెలో వేసేముందు ఒకసారి చదువుకుని చించేశాను. నాన్నకి అప్పటికే గుండెజబ్బు, ఇల్లు గడవాలి. ఆ సాకు నిజమే. నిజమైనా సాకే కదా.

నా మీద ఎంత కోపం ఉన్నా ఉండనీ. ముందు బాబాయిగారికి చెప్పు. నల్లా నోటీసని నమ్మి ఆయన అక్కడికి వెళ్ళి నిలబడతారా? ఎవడో ఆఫీసరు పదిమందిలో ఆ కాగితం పైకి చదివితే అప్పుడు వింటారా? నీకు ధైర్యం చాలకపోతే నేనే పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తాను. కూడబలుక్కుని చదువుతారు. నీ చేత చదివించుకోవద్దని మొదటి లైన్లోనే రాస్తాను.

నేనిప్పుడు రావడం లేదు. సెలవు పొడిగించమని రాశాను.

కమల

అశోక్‌నగర్
6-5-69

కమలా,

చెప్పాను. ఆదివారం పొద్దున బాపు జామచెట్టుకు పాది చేస్తుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నోటీసు తెచ్చి, ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. ఆయన చేతులు కడుక్కోకుండానే ఆ కాగితం తీసుకుని, రాని అక్షరాలనే పైనుంచి కిందికి చూశాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అట్లా లేడు. మూడో రోజు చాయ్ తీసుకపోతే, "నువ్వు చదివినవంటే నేను చదివినట్టే అనుకున్న బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. తెలిసే సంతకం పెట్టానని చెప్తాడట. సంవత్సరం తనే చెప్పి రాయించాడట. సంతకం నాది, జవాబు నాది, ఆడపిల్లల పేర్లు కచేరీలో రావద్దు అంటున్నాడు. వకీలు సాబ్‌కు చెప్పుకుంటే, అట్లా ఒప్పుకుంటే ఆయన మీదే కేసు పెట్టొచ్చునన్నారు. పింఛనుకు కూడా ముప్పు రావచ్చట. ఇంటికొచ్చి నేనెంత చెప్పినా బాపు వినటం లేదు. అరవై మూడేళ్ళు నిజం చెప్పిన మనిషి ఒక్క అబద్ధానికి తయారవుతున్నాడు, రోజూ పొద్దున ఇంటి కాగితాలు తీసి చూసుకుంటూ.

నువ్వు లిస్టు చూశావన్నది చదివాను. దాని గురించి రాయటం నాకిప్పుడు చేత కాదు.

దమయంతి

కాకినాడ
12-5-69

దమయంతీ,

రెండు ముక్కలే. ఇవాళ ఆ ఆఫీసరుకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను. మేము 56లో వచ్చామని, 47 అన్నది అబద్ధమని, బాలకిషన్‌గారికి అందులో ఏముందో తెలియదని, ఫారం నేనే నింపానని రాశాను. దాంతోపాటే రాజీనామా పెట్టాను.

మావయ్య మండిపడ్డాడు. కోర్టు గెలిపించాక ఓడిపోయే మనిషిని నిన్నే చూశానన్నాడు. నోరు మూసుకుని కూచుంటే ఏడాదికో రెండేళ్ళకో ఫైలు దానంతటదే చల్లారేదిట. చల్లారేదేమో కూడా. కానీ పంతొమ్మిదో తారీఖు అంతదాకా ఆగదు కదా. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

బాబాయిగారిని ఆపు.

కమల

అశోక్‌నగర్
24-5-69

కమలా,

పంతొమ్మిదిన బాపు వెంట నేనూ పోయాను. ఇంట్లోనే ఉండమంటే వినలేదు. తెల్ల షేర్వాణీ తీసి వేసుకున్నాడు. కోర్టు నుంచి రిటైరయినాక అది వేసుకోవటం ఇదే మొదలు. దారి పొడుగునా తను చెప్పబోయే మాటలు పెదవులతో అనుకుంటూనే ఉన్నాడు. నీ ఉత్తరం సంగతి చెప్తే, ఆ పిల్లకు నౌకరీ పోయింది, పరువు గూడ పోవాల్నా అన్నాడు.

ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. బాపు కూర్చోలేదు. గుమాస్తా వచ్చి ప్రమాణం చేయమని ఆ వాక్యం సగం మింగుతూ చెప్పాడు. బాపు అతన్ని ఆపి, పూర్తిగా చెప్పమన్నాడు. దేవుని ఎదుట, నిజం తప్ప వేరే చెప్పనని, ఒక్కొక్క మాట విడివిడిగా పలికాడు. ముప్పై ఏళ్ళు ఎదుటివాళ్ళ చేత అట్లాగే పలికించి ఉంటాడు.

ఆఫీసరు కాగితం చూపించి, ఇందులో ఏముందో తెలిసే సంతకం పెట్టారా అని అడిగాడు. బాపు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. చివరికి ఆయన గొంతులోంచి వచ్చింది ఇది: "లేదు సాబ్. సదువకుంట పెట్టిన. సదువకుంట పెట్టిన సంతకానికి ఎంతమందిని జైలుకు తోలంగ చూసిన్నో, నేనే పెట్టిన."

అబద్ధం కోసం అంత తయారై పోయిన మనిషి, ప్రమాణం చేశాక చెప్పలేకపోయాడు. పదిమందిలో అది ఒప్పుకోవటం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఏడ్చాను కమలా, అక్కడే. ఏడుస్తూనే ఆ చేతిరాత నాదని చెప్పాను. ఆఫీసరు నీ ఉత్తరం తీసి, ఈమె తనే రాశానంటున్నదే అన్నాడు. నేను బల్ల మీది కలం తీసుకుని 1947 అని వేసి చూపించాను. నాలుగుకు నేను కాలు పొడుగ్గా తీస్తానని నువ్వు ఎప్పుడూ ఎగతాళి చేసేదానివి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఈ ఫైల్లో తప్పు ఒకటే. నాది నాదని ముగ్గురు ఎగబడితే నేనేం రాసుకోనమ్మా?" అన్నాడు. ఎంత పిచ్చిదానివే, నిజం చెప్పటానికి రాసిన ఉత్తరంలో మళ్ళీ ఒక అబద్ధమా?

నీ రాజీనామా తీసుకున్నారు. కేసు లేదు. బాపుకూ నాకూ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి ఫైలు మూసేశారు. నీ ఉద్యోగం ఇంకో లిస్టులో ఉన్న జయశ్రీ అనే అమ్మాయికి పోతుందట, నల్లగొండ పిల్ల. నాకు వయసు దాటిపోయింది. వకీలు సాబ్‌కు అంతా చెప్పాను. మానెయ్యమంటారేమో అనుకున్నాను. ఆయన ఈ వారం నుంచి నా వ్యాసం పూర్తిగా చదివి సంతకం పెడుతున్నారు. రెండు తప్పులు కూడా పట్టారు.

ఇంటికి వస్తూ నారాయణగూడ దాటినాక బాపు, "కమల ఇప్పుడేం జేస్తది?" అని అడిగాడు. తెలియదన్నాను. "అడుగు. నేనడిగినట్టు గాదు, నువ్వే అడుగు" అన్నాడు. అందుకే అడుగుతున్నాను. ఏం చేస్తావు? అక్కడ టైపు నేర్పే చోట ఏదన్నా పని దొరుకుతుందా? పిన్నిగారు అన్నం తింటున్నారా?

ఆ ఉద్యోగం నాకు రానందుకు నీ మీద నాకు కోపం లేదు. ఉందనుకున్నాను గాని, వెతికితే దొరకలేదు. తెలిసి కూడా ఆరేళ్ళు నా పక్కన నడిచావు, అది మాత్రం ఇంకా గుచ్చుకుంటున్నది. తెలిసి కూడా నేనూ నీ పక్కన నడిచాను, అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంటున్నది. తొందరగా పోయే కోపం కాదు ఇది. పోయేదాకా నీతో మాట్లాడకుండా ఉందామని చూశాను, ఐదు రోజులు కూడా ఉండలేకపోయాను. ఎవరితో పోట్లాడితే తీరుతుందో ఆ మనిషి కాకినాడలో ఉంది.

ఆ చించేసిన మూడు పేజీలు మళ్ళీ రాసి పంపు. నేను చదవాలి.

నీ
దమయంతి